పవర్ స్టీరింగు ఎవరికి దండుగ?

మొన్న సంక్రాంతి దాటిన వారంలో మా అక్క కొడుకు మినెసోటా నుండి ఫోను చేసినాడు. సరస్సులు గడ్డకట్టే ఆ చలికి వాడు ఇన్నేండ్లకు అలవాటుపడి, ఇద్దరు స్నేహితులతో కలిసి పాత స్నోమొబైల్ ఒకటి కొనే ఆలోచనలో ఉన్నాడట. (చూడని మిత్రుల కోసం: ముందు రెండు స్కీలు, వెనుక తిరిగే పట్టా ఉండి మంచు మీద పరుగెత్తే బండి. స్కూటరుకూ యుద్ధట్యాంకుకూ పుట్టిన సంతానమనుకోండి.) వాడి సందేహం ఒక్కటే.

"మామా, పవర్ స్టీరింగ్ ఉన్నది తీసుకోవాల్నా, లేనిది తీసుకున్నా నడుస్తదా?"

పుట్టి బుద్ధెరిగిన తరువాత మంచును ఫ్రిజ్జులో తప్ప చూడని నన్ను ఈ ప్రశ్న అడగడమేమిటన్నాను. "ట్రాక్టర్ పవర్ స్టీరింగ్ కోసం నువ్వు తాతతో పదిహేనేండ్లు కొట్లాడినవు గద, నీకు తెల్వకపోతే ఎవలికి తెలుస్తది" అన్నాడు. నిజమే. మా ఇంట్లో ఆస్తి తగాదా లేదు, పెండ్లి తగాదా లేదు, ఉన్నదల్లా స్టీరింగు తగాదా.

వాడు చెప్పినదాన్ని బట్టి అక్కడా రెండు పక్షాలున్నవి. యమహా వారు 2011 మోడలు బండ్లలో తొలిసారి స్నోమొబైలుకు కరెంటు మోటారుతో సాయపడే స్టీరింగు పెట్టినారు. అది ఉంటే రోజంతా నడిపినా భుజాలు నొప్పెట్టవని ఒక పక్షం. బరువు, ఖర్చు పెరగడమే గాక స్కీల కింద మంచు ఎట్లున్నదో చేతికి తెలియకుండా పోతుందని ఇంకొక పక్షం. వింటూ ఉంటే మా బాపు మాట్లాడుతున్నట్టే అనిపించింది. మంచయితేనేమి, బురదయితేనేమి, వాదం మాత్రం ఒక్కటే. కాబట్టి మేనల్లుడికి ఫోనులో చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. స్నోమొబైలు సంగతి నాకు తెలియదు. నిజాంసాగర్ కాలువ కింద ట్రాక్టరు సంగతి కొంత తెలుసు.

మాది బాన్సువాడకు పోయే దారిలో, ప్రధాన కాలువ కింది ఊరు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ఆనకట్ట మా అన్నం కుండ. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజినీరు చేతిమీదుగా, ఏడవ నిజాం కాలంలో కట్టినది. ఏండ్ల తరబడి మంజీర మోసుకొచ్చిన ఒండ్రు పూడుకొని జలాశయం లోతు తగ్గింది. ఇప్పుడు 1405 అడుగుల పూర్తి మట్టం వద్ద పట్టే నీరు 17.8 టీఎంసీలు. ఈ అంకెలు ఎందుకంటే, మా దగ్గర ట్రాక్టరు డ్రైవరు భుజానికీ ఆ జలాశయానికీ ఒక లంకె ఉన్నది. కాలువకు నీళ్లు వదిలే రోజు మన చేతిలో ఉండదు. పైన వాన పడాలి, సింగూరు నిండాలి, అధికారులు తేదీ చెప్పాలి. వదిలిన నాటి నుండి ఆయకట్టులో ప్రతి మడీ ఒకేసారి తడుస్తుంది, ప్రతి రైతుకూ ఒకే వారంలో ట్రాక్టరు కావాలి. ఎండాకాలమంతా చెట్టు కింద నిద్రపోయిన బండి ఆ రెండు మూడు వారాలు రాత్రింబగళ్లు నడుస్తుంది. బండికైతే డీజిలు పోస్తే చాలు. దాని మీద కూర్చున్న మనిషికి మారు మనిషి దొరకడు. తెల్లవారుజామున ఎక్కినవాడు రాత్రి పది దాటినా దిగడు. దిగితే పక్క మడి రైతు ఇంకొక బండిని పిలుచుకుంటాడు.

నీళ్లు పెట్టి బురదగా కలియదున్నే ఆ పనిని మేము కరిగెట అంటాము. పక్కనే ఉన్న క్యాంపులలో (కోస్తా నుండి వలస వచ్చి ఈ ఆయకట్టులో స్థిరపడిన రైతుల ఊళ్లకు ఇక్కడ క్యాంపులని పేరు) దాన్ని దమ్ము అంటారు. రెండు మాటలూ వింటూ పెరిగిన నాకు రెండూ ఇష్టమే. వెనుక చక్రాలకు తగిలించే ఇనుప పంజరాన్ని మాత్రం ఇరువురూ కేజీవీల్ అనే అంటారు. అన్నట్టు, స్టీరింగుకు తెలుగు మాట ఏమిటా అని ఒకప్పుడు నేను తెగ తన్నుకులాడినాను. చుక్కాని పడవ సొత్తు. పగ్గం ఎద్దుది. సారథ్యచక్రం అంటే మా డ్రైవరు దిగి దండం పెట్టేట్టున్నాడు. చివరకు 'ఇస్టీరింగు' అని ఆయన అన్నదే తెలుగని ఒప్పుకున్నాను. మాటలు పుట్టించే మోజున్న మిత్రులు వ్యాఖ్యలలో ప్రయత్నించవచ్చు, నాది మాత్రం ఓటమే.

ఇక అసలు విషయం.

పవర్ స్టీరింగు కొత్త వింత కాదు. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికను ఇంజినీరు 1926లోనే ఒక కారుకు బిగించి చూపినాడు. 1951లో క్రైస్లర్ వారు ఇంపీరియల్ కారుతో అంగట్లోకి తెచ్చినారు. మామూలు ట్రాక్టరులో స్టీరింగు చక్రం ఒక ఇనుప కడ్డీని తిప్పుతుంది, అది కింద ఉన్న పెట్టెలోని పండ్లచక్రాలనో, ఉక్కుగోళీల మరనో కదుపుతుంది, ఆ కదలిక కడ్డీల ద్వారా ముందు చక్రాలకు చేరుతుంది. బరువంతా మనిషి చేతిదే. పవర్ స్టీరింగులో ఇంజను ఒక పంపును తిప్పుతుంది, పంపు నూనెను ఒత్తిడితో నెడుతుంది, స్టీరింగు కింది వాల్వు ఆ నూనెను ముందు ఇరుసు దగ్గరి సిలిండరులోకి ఎడమకో కుడికో పంపుతుంది. చక్రాలను తిప్పేది నూనె. మనిషి దానికి దారి చూపుతాడు, అంతే.

సుమారు రెండు టన్నుల ట్రాక్టరులో మూడో వంతుకు పైగా బరువు ముందు చక్రాల మీద ఉంటుంది. పొడి దుక్కిలో, కల్టివేటరు ఎత్తి ఒడ్డు దగ్గర మళ్లించేటప్పుడు ఆ బరువును చేతులు తిప్పాలి. ఎన్నిసార్లో ఒకనాడు కాగితం మీద వేసి చూసినాను. ఎకరం అంటే భుజం 64 మీటర్ల చదరం. కల్టివేటరు వెడల్పు ఆరడుగులనుకుంటే ఎకరానికి 35 సాళ్లు, అంటే 35 మలుపులు. ఇరువాలుకు 70. రోజుకు ఎనిమిదెకరాలు ఇరువాలు దున్నితే 560 మలుపులు. ఒక్కొక్క మలుపుకు చక్రాన్ని రెండున్నర చుట్లు ఇటు తిప్పి, మళ్లీ రెండున్నర చుట్లు అటు తిప్పాలి. మొత్తం 2,800 చుట్లు. ఇది చక్కని చదరపు ఎకరం లెక్క. మావి అన్నదమ్ముల పంపకాలలో ముక్కలైన మళ్లు, మూలలు ఎక్కువ, కాబట్టి మలుపులూ ఎక్కువే. ఈ కాగితం చూపిస్తే బాపు "నువ్వు కూసోని లెక్కవెట్టినవు, వాడు కూసోని తిప్పిండు, ఇద్దరు కూసున్నోల్లే" అని నవ్వినాడు. ఆయన ఎద్దుల వెనుక మేడి పట్టుకొని రోజంతా నడిచినవాడు. ట్రాక్టరు మీద కూర్చోవడమే ఆయన దృష్టిలో సుఖం, ఆ సుఖానికి ఇంకొక సుఖం జోడించమంటే అది దండుగ.

నేను పవర్ స్టీరింగు పక్షమే. అయినా ఆ పక్షం వారు చెప్పే గొప్పలన్నీ ఒప్పుకోలేను. ముఖ్యంగా కరిగెట విషయంలో. అమ్మేవారు "బురదలో వెన్నపూసలా తిరుగుతుంది" అంటారు. తిరుగుతుంది, నిజమే. తిరిగేది చక్రం, బండి కాదు. నీళ్లు నిలిచిన మెత్తని బురదలో రెండు చక్రాల నడక ట్రాక్టరు ముందు చక్రాలను ఎంత తిప్పినా అవి అడ్డంగా జారుకుంటూ నేరుగానే పోతుంటవి. మా మేనల్లుడి స్కీలు పచ్చి మంచులో జారినట్టేనన్న మాట. అక్కడ బండిని మళ్లించేది బ్రేకులు. ట్రాక్టరుకు కుడికాలి కింద రెండు బ్రేకు పెడల్లుంటవని తెలుసు కదా, కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. ఎడమకు తిరగాలంటే ఎడమ పెడలు తొక్కాలి. ఎడమ కేజీవీలు ఆగి కుడిది తిరుగుతూ ఉంటే బండి తన చుట్టూ తానే మళ్లుతుంది. (రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్లనూ కొక్కెంతో జత చేయాలి. మరిచిపోయి వేగంలో ఒక్కటే తొక్కితే బండి పల్టీ కొడుతుంది.) కాబట్టి కరిగెటలో నలిగేది భుజం కన్నా మోకాలు. పవర్ స్టీరింగు మోకాలికి చేయగలిగిందేమీ లేదు.

అయినా కరిగెటలో అది పూర్తిగా వృథా అనలేము. బురద కింద కనపడని రాయి, పాత ఒడ్డు మొదలు, గట్టి పెళ్ల తగిలినప్పుడు ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు విసురుకుంటుంది, ఆ విసురు మామూలు స్టీరింగులో నేరుగా చేతికి వస్తుంది. బొటనవేలును చక్రం ఆకుల లోపలికి పెట్టి పట్టుకోవద్దని పాత డ్రైవర్లు కొత్తవారికి చెప్పే మొదటి పాఠం ఇందుకే. వేలు విరిగినవాణ్ని నేను చూసినాను. నూనె మధ్యలో ఉన్న స్టీరింగులో ఆ దెబ్బ నూనె తింటుంది. మడి నుండి మడికి ఒడ్డు దాటేటప్పుడు కూడా ఇంతే.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండ్లు మా వైపు పెరిగిన తరువాత ఈ లెక్క కొంత మారింది. వాటిలో ముందు చక్రాలు పెద్దవి, ముందు ఇరుసు బరువైనది, ఆ చక్రాలు జారడం మాని బురదను పట్టి లాగుతవి. అట్లాంటి బండిని చేతిబలంతో తిప్పమనడం మనిషికి శిక్ష వేయడమే. అక్కడ చర్చ అనవసరం.

బాపు పక్షాన ఉన్న అన్నిటికన్నా బలమైన వాదం బురదలో లేదు, రోడ్డు మీద ఉన్నది. నిజాంసాగర్ మండలం మాగిలో చక్కెర కర్మాగారం ఉన్నది. చెరకు కాలంలో మా దారులలో ట్రాలీలు మోయగలిగినదానికి మించి మోస్తవి. వడ్ల బస్తాల కాలంలోనూ అంతే. ట్రాలీ ముక్కు ట్రాక్టరు వెనుక కొక్కేన్ని కిందికి అదిమితే ముందు భాగం పైకి లేస్తుంది. కాలువ కట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు నేలను ఆనీ ఆననట్టు ఉంటవి. మామూలు స్టీరింగు పట్టుకున్న మనిషికి ఈ సంగతి అరచేతిలో తెలిసిపోతుంది. చక్రం ఒక్కసారిగా తేలికైతే, ముందు లేస్తున్నదని అర్థం. వెంటనే గేరు తగ్గిస్తాడు, లేదా ఆగి నాలుగు కట్టలు దించుతాడు. పవర్ స్టీరింగు ఎప్పుడూ తేలికే. బరువున్నా తేలికే, బరువు లేకున్నా తేలికే. అరచేతికి వచ్చే ఆ కబురు నూనెలో కలిసిపోతుంది. "నేల మాట్లాడుతది, చేతులకు చెవులుండాలె" అనేవాడు బాపు. ఈ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేక చాలా ఏండ్లు ఓడిపోయినాను.

ఇంకా చిన్న చిన్నవి ఉన్నవి. ఇంజను ఆగిపోయిన బండిని లాక్కుపోయేటప్పుడు పవర్ స్టీరింగు మామూలుదానికన్నా బరువుగా తిరుగుతుంది, ఎందుకంటే అప్పుడు నూనెను నెట్టేది కూడా మన చేతులే. సిలిండరు కడ్డీకి ఎండిన బురద పట్టి సీళ్లు కోసుకుపోతే నూనె కారుతుంది. పాత స్టీరింగును ఊరి మెకానిక్కు సుత్తె, పానా పెట్టి బాగు చేస్తాడు, దీనికి బాన్సువాడ షెడ్డుకు పోవాలి, అదీ కరిగెట రోజులలో. స్టీరింగు చక్రానికి నడిమి స్థానం ఉండదు, ఇవాళ నేరుగా ఉన్నప్పుడు పైన ఉన్న బొడిపె రేపు పక్కకు ఉంటుంది. పాత చేతులకు ఇది చికాకు. నూనె శుభ్రంగా ఉంచి, రాత్రి దిగే ముందు కడ్డీ కడిగితే వీటిలో సగం తగ్గుతవని నా అనుభవం. చికాకుకు మాత్రం మందు లేదు, అలవాటు కావాలంతే.

మేము పాత బండి కొన్నది 2008లో. పవర్ స్టీరింగు ఉన్న బండికీ లేని బండికీ ధరలో తేడా దాదాపు ఒక జత కేజీవీల్స్ ఖరీదు. నేను అప్పుడే హైదరాబాదులో కొలువులో చేరిన కొత్త. తేడా డబ్బు నేనిస్తానన్నాను. బాపు ఒప్పుకోలేదు. ఆయన లెక్క చాలా సూటిగా ఉండేది. కరిగెటకు కిరాయి ఎకరానికి ఇంతని ఊరంతా ఒకటే రేటు. పవర్ స్టీరింగు ఉన్నదని ఎవడూ పది రూపాయలు ఎక్కువ ఇవ్వడు. రోజుకు ఒక ఎకరం ఎక్కువ దున్నగలమా అంటే, దున్నే వేగం ఇంజనుది, స్టీరింగుది కాదు. డీజిలు ఆదా ఉన్నదా అంటే, పంపు తిప్పడానికి ఇంకొంత ఖర్చే. "మరి ఎవలికి లాభమో చెప్పు" అన్నాడు. నేను చెప్పలేదు. చెప్పలేకపోయినాను కాదు, చెప్పలేదు. ఎందుకంటే జవాబు మా వాకిట్లోనే, అరుగు మీద కూర్చొని బీడీ వెలిగించుకుంటున్నది.

మా డ్రైవరు అప్పటికి నలభై ఏండ్ల మనిషి. నేను మామా అని పిలిచేవాణ్ని, ఆయన బాపును పటేలా అనేవాడు. ఏడాది జీతం, పైన ఎకరానికి ఇంతని బత్తా. బేరం జరిగిన నాడు బండి ఏదైతే బాగుంటుందని ఆయనను ఎవరూ అడగలేదు. ఇదేమంత విడ్డూరం కాదు. మా ఊళ్లో ఏ ఇంట్లోనూ అడగరు. కొనేవాడు ఒకడు, తిప్పేవాడు ఇంకొకడు. మిగిలిన డబ్బుతో మేమేం చేసినామో కూడా చెప్పాలి కదా. ట్రాలీకి నాలుగు వైపులా నెమళ్లు, తామరపూలు వేయించినాము. బండికి పాటల పెట్టె, రెండు పెద్ద స్పీకర్లు పెట్టించినాము. ఆ స్పీకర్లకు అయిన ఖర్చు గురించి బాపు ఏనాడూ దండుగ అనలేదు. ఊళ్లో నుండి పోతుంటే అందరికీ వినపడేది కదా.

ఆరేడేండ్లు గడిచినవి. 2015 వానాకాలంలో మంజీరకు నీళ్లు రాక ఆయకట్టు ఎండింది, బండి నిలబడే ఉన్నది. తరువాతి ఏడు, 2016 సెప్టెంబరు వానలకు నిజాంసాగర్ నిండింది. ఆ యాసంగి కరిగెటలో, రెండేండ్ల ఆకలి తీర్చుకోవాలన్నట్టు, ఊరు ఊరంతా రాత్రులు కూడా దున్నించింది. మామ పద్దెనిమిది రోజులు బండి మీదనే ఉన్నాడు. పందొమ్మిదో నాడు అంగీ తొడుక్కోవడానికి కుడి చెయ్యి లేవలేదు.

"నొప్పి గాదు పటేలా, చెయ్యి నాది గానట్టున్నది" అన్నాడు.

ఎముకల డాక్టరు భుజం కీలు పట్టేసిందన్నాడు, బరువు పని మానమన్నాడు. నేను ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. మామకు చక్కెర వ్యాధి ఉన్నది, ఆ వ్యాధి ఉన్నవారికి భుజం పట్టేయడం ఎక్కువేనని డాక్టరే చెప్పినాడు. స్టీరింగు ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను. పవర్ స్టీరింగు ఉండి ఉంటే రాకపోయేదనీ అనలేను. కానీ రోజుకు 2,800 చుట్లని వేసిన ఆ కాగితం నా పుస్తకంలోనే ఉన్నది. ఆయన మళ్లీ డ్రైవరు పని చేయలేదు. రెండు బర్రెలు పెట్టుకొని పాలు పోస్తున్నాడు.

'గిట్టుబాటు' అనే మాట మన రైతుల నోట తరచు వింటాము. వడ్లకు గిట్టుబాటు, చెరకుకు గిట్టుబాటు. ధర కోసం రోడ్డెక్కినప్పుడు అది న్యాయమైన మాటే, నేనూ ఆ గుంపులో నిలబడ్డవాణ్నే. ఆ లెక్కలో కూలి, విత్తనం, ఎరువు, కిరాయి అన్నీ వేస్తాము. మామ భుజం మాత్రం బాపు రాసిన ఏ పద్దులోనూ లేదు, ఎందుకంటే దానికి మేము పైసా పెట్టలేదు. మందుల ఖర్చు మొదటి రెండు నెలలు ఇచ్చినాము. తరువాత ఇవ్వలేదు. ఇది చెప్పుకోవడానికి గొప్పగా లేదు, చెప్పకుండా ఈ టపా రాస్తే అబద్ధమవుతుంది.

విచిత్రమేమంటే, ఇదే మా బాపు కోత కాలంలో వరికోత యంత్రాన్ని గంటల లెక్కన కిరాయికి పిలుస్తాడు. దానికి పవర్ స్టీరింగు ఉంటుంది. అది లేకుండా ఆ యంత్రం తిరగనే తిరగదు. దాని ధర కిరాయిలో కలిపే ఉంటుంది, మారుమాట లేకుండా కడతాము. పరాయివాడి డ్రైవరు సుఖానికి చెల్లిస్తాము గాని, మన డ్రైవరు సుఖమంటే అది సోకు.

కాబట్టి మేనల్లుడికీ, ఇదే ప్రశ్న ఉన్న మిత్రులకూ నా అభిప్రాయం ఇది. సొంత భూమి నాలుగైదెకరాలే ఉండి, సొంతంగా నడుపుకుంటూ, ఏడాదికి నూటయాభై గంటలకు మించి బండి తీయనివాడు చిన్న ట్రాక్టరులో మామూలు స్టీరింగుతో బతకగలడు. వాడి చేతులు, వాడి ఇష్టం. మెకానిక్కు ఖర్చు తప్పుతుంది, నేల మాట వినపడుతుంది. కిరాయికి తిప్పేవాడు, జీతానికి డ్రైవరును పెట్టేవాడు మాత్రం ఈ ప్రశ్న అడగడమే తప్పు. వాడు సీటు బాగున్నదా, గొడుగు ఉన్నదా, రాత్రి దీపాలు వెలుగుతున్నవా అని ఎట్లా చూడాలో దీన్నీ అట్లాగే చూడాలి. ఇవాళ 45 అశ్వశక్తి, అంతకు పైబడ్డ బండ్లలో చాలావాటికి కంపెనీ వారే పవర్ స్టీరింగు పెట్టి ఇస్తున్నారు. ధర సాకు కూడా పాతబడింది. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ఆరు లక్షల ధర ఉన్న బండి మీద 72 వేల పన్ను 30 వేలకు దిగింది. మిగిలిన 42 వేలతో ట్రాలీకి ఎన్ని నెమళ్లయినా వేయించుకోవచ్చు, ముందు స్టీరింగు సంగతి చూసిన తరువాత.

స్నోమొబైలు వాడు సరదాకు నడుపుకునేది, కాబట్టి వాడి భుజం వాడే చూసుకోవాలి. అయితే ముగ్గురు కలిసి కొంటున్నారట. రోజంతా నడిపేది ఎవరో వాణ్ని అడిగి కొనమన్నాను.

ఆ పన్ను తగ్గిన పదో రోజే దసరా వచ్చింది. బాపుకు ఇప్పుడు ఎనభై దగ్గరపడుతున్నది, నా మాట నెగ్గిందో, ఆయన ఓపిక తగ్గిందో తెలియదు, కొత్త బండి పవర్ స్టీరింగుదే వచ్చింది. నడిపేది మామ అల్లుడు. పూజ అయిన తరువాత మామను పిలిచి సీటు మీద కూర్చోబెట్టినాము. కుడి చెయ్యి ఒడిలో పెట్టుకొని, ఎడమ చేతి రెండు వేళ్లతో చక్రాన్ని ఈ చివరి నుండి ఆ చివరి దాకా తిప్పినాడు. దించి మళ్లీ తిప్పినాడు. ఏమైనా అంటాడేమోనని నేను మొహం చూస్తూ నిలబడ్డాను. ఏమీ అనలేదు. కొబ్బరి ముక్క తిని ఇంటికి పోయినాడు.

వడ్లు కొనుగోలు కేంద్రానికి పోయే రోజులలో ఒకనాడు అల్లుడి పక్కన మడ్‌గార్డు మీద కూర్చొని కాలువ కట్ట దాకా వచ్చినాడు. ట్రాలీ నిండా బస్తాలు. కట్ట ఎక్కి దిగిన తరువాత బండి ఆపించి, దిగి ముందుకు పోయి, ఎడమ చేత్తో ముందు బంపరు పట్టుకొని ఊపి చూసినాడు. ఆ సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి బాపుతో అన్నాడు:

"ఇస్టీరింగు మంచిగనే ఉన్నది పటేలా. కని ముంగట లేస్తుందో లేదో పోరనికి తెలుస్తలేదు. ముంగటికి బరువులేపియ్యి."

బాపు నా వైపు చూసినాడు. నేను బాపు వైపు చూసినాను. మరునాడే బాన్సువాడ పోయి ముందు బంపరుకు ఇనుప బరువులు బిగించుకొని వచ్చినాము. దండుగ అని ఎవరూ అనలేదు.